రెక్క తగ్గిన పువ్వు

ఎమ్మిగనూరు మహాదేవి కంప్యూటరు ముందు కూర్చున్నా మగ్గం తొక్కినట్టే ఎడమకాలు ఆడిస్తుంది. మార్క్‌డౌన్ అనే సాదా గుర్తుల రాతలో చీర అంచు పేరు రాస్తే చాలు, వెబ్ పేజీలో ఆ అంచు బొమ్మై వచ్చే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామును ఏడాదిపాటు కూర్చుని రాసింది. తండ్రి నేసే ప్రతి అంచులోలాగే చివరి పువ్వుకు ఒక రెక్క కావాలనే తగ్గించింది. పరీక్షించి చూడమని, ఆదోనిలో ఉంటూ తనతో కలిసి పనిచేసే ఫిరోజ్‌కు పంపింది. ఈరోజు అది అతని పేరుతో నెట్‌లో కనిపించింది. వెంటనే ఫోన్ చేసింది.

“నా పేరు యాడ పోయిందన్నా?”

“నువ్వు రాసిన దాంట్లో తప్పుండె మహాదేవీ. పువ్వుకు రెక్క తగ్గింటే నేనే సరిజేసినా. ఇంక నాది కాదా?”

“అది తప్పు కాదన్నా, మా నాయన చేతి గుర్తు.”

ఫిరోజ్ నవ్వాడు. తెరమీద పువ్వు నిండుగా ఉంది. మహాదేవి కాలు ఆగిపోయింది.