కడుపారా నవ్విన మా అత్తమ్మ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా అత్తమ్మ చనిపోయింది. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "ఇయ్యాల అల్లం ఎక్కువేసినవు పిల్లా" అని, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. గుండె ఆగిపోయిందన్నారు. డెబ్భై దాటిన మనిషి. బాగా ఏడ్చాం. కానీ మెదక్‌లో ఆమెను ఎరిగిన ఆడవాళ్ళు ఆమె కోసం ఎక్కువసేపు ఏడవలేరు. మధ్యలో ఏదో ఒకటి గుర్తొచ్చి నవ్వు వచ్చేస్తుంది.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో మాత్రం ఆమె నవ్వేది కాదు. పెళ్ళిళ్ళలో కుర్చీ వేసినా కూర్చోకుండా గోడవారన నిలబడేది. హైదరాబాద్‌లో కూతురింటికి రమ్మంటే బస్సు పడదనేది. పొగరుబోతు అని చుట్టాలు అనుకునేవారు, నిజం చెప్పాలంటే నేను కూడా. ఇంటి ముందు గదిలో నాకు బ్లౌజులు కుట్టే షాపు ఉంది. అక్కడ మిగిలిన మెత్తటి నూలు గుడ్డముక్కలు మాయమవుతుంటే బొంత కుడుతోందేమో అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం షాపుకొచ్చిన ఒకామె, కరెంటు పోయినప్పుడు షర్టనుకుని తన భర్త ఈమె బ్లౌజులో చేతులు దూర్చి ఇరుక్కుపోయిన సంగతి చెప్పింది. అందరం పడీపడీ నవ్వాం. గుమ్మంలో నిలబడ్డ అత్తమ్మ కూడా ఆపుకోలేకపోయింది. అంతలోనే పొట్ట పట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఆమె నిలబడ్డ చోట గచ్చు తడిసి ఉంది.

వెనకే వెళ్ళాను. మూలన నిలబడి ఏడుస్తోంది.

"ఏమైందత్తమ్మా?"

"నీ మొగుడు పుట్టిన సంది గిదే బాధ బిడ్డా. గర్భసంచి కిందికి జారింది. కూసుంటె గడ్డ మీద కూసున్నట్టుంటది. నవ్వినా తుమ్మినా చీర తడుస్తది. గిది ఎవలికి చెప్పుకోవాలె?"

గుడ్డముక్కలు ఎటు పోతున్నాయో అప్పుడు అర్థమైంది.

మరునాడే ఆటో ఎక్కించాను. దవాఖానా గేటు దగ్గర దిగనని మొండికేసింది. "ఈ వయసుల గిది చూపెట్టుడా! జర ఆటో తిప్పమను బిడ్డా." నేను తిప్పించలేదు. చెయ్యి పట్టుకుని దింపాను.

డాక్టరమ్మ మా ఆడబిడ్డ ఈడుది. పరీక్ష చేసి, తొందరపడకుండా చెప్పింది. "పెద్దమ్మా, గర్భసంచిని కింద కండరాలు ఊయల లెక్క పట్టుకొని ఉంటయి. మీకు ఐదు కాన్పులైనయి. పచ్చి బాలింతగా ఉండంగనే నాట్లకు పోయిండ్రు. ఆ ఊయల సాగింది, గంతే. మస్తు మందికి అయితది."

"అంటె నా తప్పేం లేదా?"

"మీ తప్పేముందమ్మా!"

అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇగ ఏం జేస్తవో చెయ్యి" అంది.

షుగర్ ఎక్కువ ఉండడంతో ఆపరేషన్ వెంటనే కుదరలేదు. అప్పటిదాకా గర్భసంచి జారకుండా లోపల మెత్తటి రింగు పెట్టారు. దాన్ని కడిగించుకోవడానికి మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు. మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగించి వదిలే కసరత్తు నేర్పారు. "అందరికి ఉంగరం చేతికుంటది, నాది లోపటున్నది" అని అత్తమ్మ జోకులు మొదలుపెట్టింది. షుగర్ అదుపులోకి వచ్చాక, పొట్ట కోయకుండా కింది నుంచే గర్భసంచి తీసి, వదులైన మూత్రసంచిని పైకి లేపి కుట్లు వేశారు. కొన్ని వారాలు బరువులు ఎత్తవద్దని చెప్పారు. ఆ కొన్ని వారాలను అత్తమ్మ జీవితాంతం సాగదీసింది. బిందె చూపిస్తే చాలు, "డాక్టరమ్మ ఎత్తొద్దన్నది" అనేది.

బస్సు పడని మనిషి నర్సాపూర్ అడవి మీదుగా కిటికీ పక్కన కూర్చుని కూతురింటికి వెళ్ళింది. వెళ్ళినంతసేపూ పక్క సీటామెతో ముచ్చట్లే. షాపులో బల్ల సగం రోజు ఆమెదే. కొలతలకొచ్చిన వాళ్ళని ముట్టు సంగతి, తెల్లబట్ట సంగతి కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగేది. సిగ్గుపడితే, "సిగ్గును దవాఖాన మెట్ల కాడ చెప్పుల లెక్క ఇడిచిపో. కావాల్నంటె వచ్చేటప్పుడు తొడుక్కో" అనేది.

మొదట్లో అందరికీ "గర్భసంచి తీపిచ్చుకో, నిమ్మళంగ ఉంటది" అని ఒకటే సలహా ఇచ్చేది. డాక్టరమ్మ గట్టిగా మందలించింది. గర్భసంచిలో గడ్డలున్నా ఏ ఇబ్బందీ పెట్టకపోతే చూస్తూ ఉండవచ్చనీ, మందులతో తగ్గే రక్తస్రావాలే ఎక్కువనీ, తీసేయడం అందరికీ అవసరం లేదనీ చెప్పింది. అప్పటి నుంచి అత్తమ్మ మాట మార్చింది. "నేను చెప్పేది దవాఖానకు పొమ్మనే. ఏం జెయ్యాల్నో ఆమె చెప్తది."

మా పక్కింటి టీచరమ్మ చర్చిలో పాటలు పాడుతుంది. ముట్టు ఆగిన చాలా ఏళ్ళకు ఆమెకు కొంచెం రక్తం కనబడింది. వేడి చేసిందని మజ్జిగ తాగుతోంది. అత్తమ్మ గోడ మీంచి అరిచింది. "ముట్టు ఆగినంక ఒక్క చుక్క కనవడ్డా చూపెట్టుకోవాలన్నది డాక్టరమ్మ. మజ్జిగ తర్వాత తాగుదువు, చీర కట్టుకో!" లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అప్పుడే మొదలైంది, ముదరలేదు. ఆపరేషన్‌తో బయటపడింది. ఆ క్రిస్మస్‌కు టీచరమ్మ పాడుతుంటే అత్తమ్మ చర్చిలో ముందు వరసలో కూర్చుంది. పాట నడుమ లేచి, "మా టీచరమ్మ!" అని పక్కవాళ్ళకు చూపించింది.

మొన్న షాపు తెరిచేసరికి శివ్వంపేట నుంచి ఒక ఆమె వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. "అక్కా, గీడ ఒక పెద్దమ్మ ఉంటదంట గదా, దవాఖానకు తోలుకపోతదంట?" అని నెమ్మదిగా అడిగింది. పోయిందని చెబితే, వెనక్కి తిరగబోయింది.

షాపు షట్టర్ దించాను. ఆటోలో ఆమె దారంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే కూర్చుంది. డాక్టరమ్మ ముందు కూడా అట్లాగే ఉంది. "చెప్పమ్మా, ఏమైతుంది?" అని డాక్టరమ్మ అడిగింది. ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. కొంగు వదిలేసి, కుర్చీ ముందుకు జరుపుకుంది.