దీపాల మ్నేసోన్ ఎవరి సమాధికి వెళ్ళాడు

కుమ్మరివాడలో మా పక్కిల్లు మ్నేసోన్‌ది. మట్టి ప్రమిదలు చేసేవాడు. ఎండ వాలాక సంత పక్కన స్తంభాల నీడలో కూర్చునేవాడు. మంచి మనిషీ మంచి పౌరుడూ ఒకడేనా అని అక్కడ వాదించుకునేవాళ్ళ మాటలు విని, ఏమీ అనకుండా ఇంటికి వచ్చేవాడు. మాట్లాడని మనిషిని ఏథెన్సులో ఎవరూ నమ్మరు.

ఆ ఏడు పదవులకు మనుషుల్ని ఎంచడానికి చీటీకి బదులు వేసే గింజల్లో అతనికి తెల్లది, అంటే ఎంపికైనది, వచ్చింది. సంతలో కొలతలు తనిఖీ చేసే పదవి. అందులో కూర్చునే ముందు న్యాయసభ ఎవరినైనా అడిగే ప్రశ్నలున్నాయి: నీ తండ్రి ఎవరు, తల్లిదండ్రులను సరిగా చూశావా, వాళ్ళ సమాధులు ఎక్కడ? ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పాలి. నన్ను అడిగాడు, ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాకే అనుమానం తొలచడం మొదలైంది. పెద్దలను తలుచుకునే రోజున మేమంతా సమాధిరాళ్ళకు కట్టే ఉన్ని నాడాలు, నూనె బుడ్లు పట్టుకుని మా వాళ్ళ సమాధులున్న కుడిదారిన వెళితే, అతను ఎడమకు తిరిగేవాడు. అటు ఉన్నవి పరదేశుల గోరీలు.

"వాళ్ళ నాన్న అసలు పౌరుడే కాదేమో," అంది మా ఆవిడ మెలిత్తా. "రేపు దొంగసాక్ష్యమని నిన్ను ఈడుస్తారు. చెప్పులు కుట్టుకునేవాడివి, నీకెందుకయ్యా ఇదంతా?"

మర్నాడే ఆ ఏటి పెద్దల రోజు; పొద్దున్నే అతని వెనకే వెళ్ళాను. మంచు ఇంకా రాళ్ళను వదల్లేదు. పేరు లేని ఒక చిన్న రాయికి, పసిపిల్లకు జడ వేస్తున్నట్టు, మ్నేసోన్ నాడా కడుతున్నాడు.

"రావోయ్ ఎర్గీనోస్," అన్నాడు తిరక్కుండానే. "ఊరందరికీ మంచి చెప్పులు కుట్టి, కిర్రుమనేవి నువ్వు తొడుక్కుంటావేం?"

ఆ రాయి కింద ఉన్నది అతన్ని పెంచిన త్రేసు దేశపు బానిస. ముసలిదై తిరగలి తిప్పలేకపోతే తండ్రి నడిచలిలో వెళ్లగొట్టాడట. కోట గుమ్మం దగ్గర పోయింది. తండ్రి నికార్సయిన పౌరుడే. కుడిదారిలో పాలరాతి సమాధి ఉంది. పూడ్చిన రోజు తర్వాత మ్నేసోన్ అటు వెళ్ళలేదు.

నా ప్రాణం కుదుటపడింది. సమాధికి ఏటా నాడా కడతాడని మాత్రమే చెబుతానన్నాను. ఎవరి సమాధి అని అడిగేదెవరు? అతను నాడా ముడి బిగించాడు. సరేనన్నాడనుకున్నాను.

సభలో అలాగే చెప్పాను. అభ్యంతరం చెప్పడానికి ఎవరూ లేవలేదు. ఓటు వేసే కంచు బిళ్ళలు సభ్యుల చేతుల్లోకి వచ్చాయి. అప్పుడు మ్నేసోన్ నిలబడ్డాడు.

"ఈయన చెప్పింది నిజమే. మీకు అర్థమైంది మాత్రం నిజం కాదు. అది నా తండ్రి సమాధి కాదు. ఆయనది నేను ముట్టుకోను."

సభ గుసగుసలతో నిండిపోయింది. తన నోటితో తన పదవి పోగొట్టుకునేవాడు ఇంతకన్నా పెద్దదేదో దాస్తున్నాడని అందరి చూపూ అంది. నాకూ అలాగే తోచింది. బిళ్ళలు వానలా రాలాయి. పదవి అతనికి దక్కలేదు.

బదులుగా వచ్చినవాడు అన్ని ప్రశ్నలకూ చక్కగా జవాబు చెప్పాడు. తండ్రి పేరు ఎత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు.

నిన్న మెలిత్తా సంతనుంచి బార్లీ పిండి తెచ్చి ఇంటి కుంచంలో పోసింది. అంచుకు రాలేదు. మళ్ళీ పోసింది. సంతలో కుంచాల అడుగులు లోపలికి నొక్కి ఉన్నట్టున్నాయి.

"ఆ కొత్తాయన తండ్రి సమాధికి రోజూ వెళతాడటగా," అంది పిండిచేతులు దులుపుకోకుండా. గోడకేసి చూసింది. "పక్కింటాయన్ని ఒకసారి పిలు. ఆయన కొలిస్తే తేలిపోతుంది."

నేను లేచాను. చెప్పులు కిర్రుమన్నాయి. గోడ అవతల తిరుగుతున్న కుమ్మరిచక్రం ఆగింది.