ఎమ్మెల్యేని మోసిన నడుము

మా ఆయన, ఇప్పటి మా ఎమ్మెల్యే ఒకప్పుడు గోదావరిఖనిలో ఒకే బొగ్గు బాయిలో ఫిట్టర్లు. లోపల పంపు ఆగినా, మోటారు మొరాయించినా ఇద్దరూ కలిసే దిగేవారు. అతనికి స్పానర్ పట్టడం నేర్పింది మా ఆయనే. యూనియన్‌లో లీడరయ్యాక అతను స్పానర్ ముట్టలేదు. మస్టర్‌లో హాజరు ఇద్దరికీ పడేది, పని మాత్రం మా ఆయన ఒక్కడే చేసేవాడు. లీడర్ల విషయంలో అది మామూలే, ఎవరూ అడగరు. నేను అడిగితే "ఊకో, మనోడు పెద్దోడైతున్నడు" అని నా నోరు మూయించేవాడు.

ఆ మనోడు పెద్దవాడయ్యేసరికి మా ఆయన నడుము పోయింది. వంగితే లేవలేడు. మా దగ్గర డాక్టర్ల బోర్డు కార్మికుడిని అన్‌ఫిట్ అంటే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. ఆ మాట రిటైర్మెంటుకు చాలా ముందే అనాలి. మాకు ఆ గడువు దగ్గరపడింది. మావాడు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. ఈయన్ని పనికిరానివాడని చెప్పించు దేవుడా అని మొక్కుకున్నాను. కట్టుకున్నవాడి గురించి ఇలా మొక్కుకునే ఆడవాళ్లు మా కాలనీల్లోనే ఉంటారు.

బోర్డు నుంచి పిలుపు వచ్చింది. అంతలోనే ఆ మనోడు ఎన్నికల్లో ఎమ్మెల్యేగా గెలిచాడు. ఊరేగింపులో "అన్నా!" అని ఒక్క కేక వేశాడు. అంతే, మా ఆయన ఒళ్లు మరిచిపోయాడు. ఎమ్మెల్యేని భుజాలకెత్తుకుని చౌరస్తాలో గంతులేశాడు. ఆ వీడియో చేరని ఫోను లేదు. మర్నాడు మంచం దిగలేకపోతే మూత్రానికి కూడా నేనే పట్టుకుని తీసుకెళ్లాను.

బోర్డులో డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టి తన ఫోను చూపించాడు. "ఎమ్మెల్యేను ఎత్తుకుని ఎగిరినోనికి నడుము నొప్పా?" అన్నాడు. ఫిట్ అని రాసిచ్చారు.

నేను ఎమ్మెల్యే ఇంటికి వెళ్లి చేతులు జోడించాను. మళ్లీ ఒకసారి బోర్డుకు పంపేలా ఒక్క మాట చెప్పమన్నాను. అతను చాయ్ తాగుతూ నవ్వాడు.

"వదినా, గెలిచిననాడు నన్ను మోసినోడు అన్‌ఫిట్ అంటె నా ఇజ్జత్ ఏం గావాలె? అన్న ఇంకా గట్టిగనే ఉన్నడు."

"మరి మా పోరని బతుకు, సార్?"

"ఫికర్ చెయ్యకు. నా ఎంబడి తిరగమను."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మంచంలో ఉన్న మనిషి నడుము పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. కొడుకు సంగతి అడగలేదు.

"నేను మోసుడు వానికి ఇజ్జతా? గట్లనే అన్నడా?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

ఎమ్మెల్యే మీద కూడా రానంత అసహ్యం ఆ క్షణాన నాకు నా మొగుడి మీద వచ్చింది.