చక్రం మీద అరచెయ్యి

నాకు జలుబు చేస్తే అది నా సొంత విషయం కాదు. ముప్పై ఏడేళ్లుగా నా ముక్కు ప్రభుత్వానిది. వైమానిక దళంలో రవాణా విమానాల మీద ఫ్లైట్ ఇంజనీరుగా పనిచేశాను. అంటే ఇద్దరు పైలట్ల వెనక కూర్చుని, ఇంజన్ల మీటర్లలో ముళ్లు చూస్తూ, వాటి చప్పుడు వింటూ, తేడా వస్తే ముందుగా చెప్పేవాణ్ణి. ఎగిరేవాడికి సన్యాసికన్నా నియమాలు ఎక్కువ. రక్తదానం చేస్తే ఎగరకూడదు. పన్ను పీకించుకుంటే ఎగరకూడదు. తలనొప్పని మా ఆవిడ పర్సులోని మాత్ర మింగినా ఎగరకూడదు. మర్నాడు ఫ్లైటుంటే పెళ్లివిందులో గ్లాసు ముట్టకూడదు. ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మా బంధువులు ఇదంతా చూసి నన్ను మహా భక్తుడనుకునేవారు. ఉచితంగా వచ్చిన గౌరవం కదా అని నేనూ సరిదిద్దలేదు.

అన్నిటికన్నా గట్టి నియమం జలుబుది. ముక్కు మూసుకుంటే చెవి మూసుకుంటుంది. విమానం కిందికి దిగేటప్పుడు ఆ చెవిలో గాలి సర్దుకోదు. మేకు దిగినట్టు నొప్పి పుడుతుంది, ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి. సరిగ్గా దిగే వేళకి ముళ్లు చూడాల్సినవాడు తల పట్టుకుని కూర్చుంటే అందరికీ చేటు. అందుకని జలుబు చేసినవాడు తనంతట తనే వెళ్లి డాక్టరుకి చెప్పాలి, వారం రోజులు నేలమీద ఉండాలి. ప్రతి సోమవారం కుర్ర సిబ్బందికి ఈ పాఠం చెప్పేది నేనే. "జలుబు దాచడం ఇంట్లో దొంగని దాచడమే" అని సొంతంగా ఒక సామెత కల్పించి బోర్డు మీద రాసేవాణ్ణి. కింద సంతకం ఒక్కటే తక్కువ.

అంతటి నాకు, రిటైరవడానికి వారం ముందు, ఆఖరి ఫ్లైటుకి సరిగ్గా రెండు రోజుల ముందు జలుబు చేసింది.

నిజానికి ఆఖరి అనకూడదు. ఎగిరేవాళ్లం ఆ మాట నోట రానివ్వం. "శుక్రవారం ఫ్లైటు" అంటాం, అర్థమైనవాళ్లకి అర్థమవుతుంది. ఆ ఫ్లైటు దిగినవాణ్ణి మెట్ల దగ్గరే నిలబెట్టి, అగ్నిమాపక బండి పైపుతో నిలువెల్లా తడిపేస్తారు. తడిసిన బట్టల మీదే దండ వేస్తారు. ఇంట్లోవాళ్లని రన్‌వే పక్కదాకా రానిచ్చేది ఆ ఒక్క రోజే. నేను ఎంతోమంది మీద ఆ పైపు పట్టాను. కొందరి మీద కావాలనే ఎక్కువసేపు పట్టాను. నా వంతు కోసం ఎంత ఆశగా చూశానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గులేదు.

పైగా అదృష్టం కొద్దీ చివరి పోస్టింగు మా సొంతూరు ఖరగ్‌పూర్ పక్కనే పడింది. ఎనభై దాటిన మా నాన్న నేను విమానం దిగడం ఒక్కసారీ చూడలేదు. శుక్రవారం చూస్తాడు. దానికోసం మా ఆవిడ గోల్ బజార్ వెళ్లి ఆయనకి తెల్లచొక్కా కొని, ఇస్త్రీ చేయించి, బీరువాలో దాచింది.

నాన్న రైల్వేలో చక్రాలు చూసేవాడు. ప్లాట్‌ఫారం మీదికి బండి రాగానే, పొడుగు కామ ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి వినేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీట పడ్డది బొంగురుగా పలుకుతుంది. మోగితే పెట్టె మీద సుద్దతో ఓకే రాసేవాడు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో నా చిన్నతనమంతా ఆ చెవి పరిపాలనలోనే గడిచింది. అమ్మ గిన్నె కొన్నా, కొబ్బరికాయ తెచ్చినా, ముందు నాన్న వేలితో కొట్టి వినాలి. "నా సెవి ముందు మిసనేటి పనికొస్తాది?" అనేవాడు. రిటైరైనప్పుడు తోటివాళ్లు ఆయన సుత్తికే వెండి రంగు వేసి బహుమతిగా ఇచ్చారు. ఇప్పుడది మా టీవీ పైన గోడకి వేలాడుతోంది. చెవి మాత్రం లేదు. ముసలితనంతో పోయిందని అందరం అనుకున్నాం. వినికిడి యంత్రం కొంటే అది ఈల వేస్తోందని తీసి జేబులో పెట్టుకున్నాడు. జేబుకి బాగానే వినపడుతున్నట్టుంది.

సరే, నా జలుబు సంగతి. బుధవారం సాయంత్రం ఊళ్లో ఆ చివరనున్న పూరీ గేట్ దాకా వెళ్లి ముక్కులో వేసుకునే చుక్కల మందు కొన్నాను. ఇంటి పక్క మందుల షాపువాడికి నేనెవరో తెలుసు. ఇది మావాళ్లందరికీ తెలిసిన దొంగ ఉపాయమే. ఎగిరే ముందు జరిగే డాక్టరు పరీక్షకి కాసేపటి ముందు చుక్కలు వేసుకుంటే ముక్కు గంటో రెండు గంటలో తెరుచుకుంటుంది. డాక్టరు మనని ముక్కు మూసుకుని ఊదమని, చెవిలోకి లైటు వేసి చూస్తుంది. లోపలి పొర కదులుతుంది, ఆవిడ సంతకం పెడుతుంది. తర్వాత ఆకాశంలో మందు దిగిపోతే మన ఖర్మ. ఈ పని చేసిన ఇద్దరు కుర్రాళ్లని పట్టుకుని నలుగురిలో కడిగేసినవాణ్ణి నేనే. గురివింద గింజకి తన కింది నలుపు కనపడదంటారు. నాకు కనపడింది. అయినా సీసా షేవింగు సంచిలో దాచాను.

గురువారం సాయంత్రం మా ఆవిడ పసుపు వేసి ఆవిరి పట్టించింది. "డాకటరమ్మకి సెప్పినారా?" అంది.

"సెప్తాన్లే," అన్నాను దుప్పటి లోంచి.

ఆమె వంటింట్లోకి వెళ్లగానే, మందు ఎంత పనిచేస్తుందో చూద్దామని తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా నాన్న.

"రేపు ఎగురుతావేటి?" అన్నాడు.

తలూపాను.

"డాకటరికి తెల్సా?"

అడ్డంగా ఊపాను. ఆయనకి వినపడదు కాబట్టి అబద్ధం చెప్పాలంటే గట్టిగా అరవాలి. వంటింట్లో మా ఆవిడ ఉంది.

తిడతాడనుకున్నాను. ఆయన గోడవైపు చూపించి, "ఆ సుత్తి దింపు," అన్నాడు. దింపి ఇచ్చాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆకరి ఏడాది నాకు ఇనపడనేదురా," అన్నాడు. "డూటీలో ఉన్నప్పుడే. సెప్పితే సుత్తి లాక్కుని స్టోర్సులో కూకోబెడతారు. సుత్తి సేతిలో ఉండగా దండ ఏయించుకుందారని ఆశ. అందుకని సక్రాన్ని కొట్టి, దాని మీద అరసెయ్యి పెట్టీవోడిని. మంచి సక్రం సేతిలో సన్నగా ఒణుకుతాది. అలగ సూసీవోడిని."

ఇన్నేళ్లూ నేను గొప్పలు చెప్పుకున్న చెవి అది. అయినా ఎక్కడో కొంచెం ఆశ పుట్టింది. చెవి లేకుండా ఈయన నెట్టుకొచ్చాడు కదా, రేపు ఒక్క పూట నేను రాలేనా?

"ఓ వానాకాలం దినం సెయ్యి నానిపోయి మొద్దుబారిపోనాది. పూరీ ఎల్లీ బండి. ఓ సక్రం కాడ ఏటీ తెల్నేదు. మల్లీ కొట్టినాను. తెల్నేదు. ఇంతలో గార్డు జెండా ఊపీసినాడు. ఓకే రాసీసి ఇంటికొచ్చీసినాను."

"ఏటయింది?" అని చేత్తో అడిగాను.

"ఏటీ అవనేదు. బండి సుబ్బరంగా ఎల్లింది, మర్నాడు సుబ్బరంగా తిరిగొచ్చింది. జనం దిగిపోనారు." సుత్తిని నా చేతికిచ్చాడు. "నాను మాత్రం ఆ బండి ఇంకా దిగనేదు."

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, చాలా కోపం వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా కడుపులో పెట్టుకున్న మాట, పైకి తియ్యడానికి నా ఫ్లైటు ముందురోజే దొరికిందా? సుత్తిని గోడకి తగిలించి, అన్నం తినకుండా పడుకున్నాను. చెవిలో సముద్రం హోరెత్తింది.

తెల్లారి స్కూటరు మీద వెళ్లాను. మా డాక్టరు బెంగాలీ అమ్మాయి, నా కూతురి వయసు. కొత్తలో నా సోమవారం పాఠం వెనక బెంచీలో కూర్చుని విన్నది. ఆవిడ ఏమీ అడగకముందే సీసా తీసి బల్ల మీద పెట్టాను. చెవిలోకి లైటు వేసి చూసి, "పూరా లాల్ హై, సాబ్," అంది, చెవి మొత్తం ఎర్రబడిందని. ఏడు రోజులు ఎగరకూడదని రాసింది. నా ఉద్యోగం ఆరు రోజులుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కాగితం ఇస్తూ లేచి నిలబడింది. నేను సెల్యూట్ చేసి వచ్చేశాను. నా సీట్లో ఎవరు కూర్చున్నారో కనుక్కోలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. వెళ్లడం లేదని చేత్తో చెప్పాను. తలూపాడు గానీ చొక్కా విప్పలేదు. బయల్దేరిన విమానం మా వీధి మీదుగానే తిరిగి పైకెళ్తుంది. పది దాటాక ఇద్దరం డాబా ఎక్కి, అటునుంచి వస్తుందని తూర్పువైపు చూస్తూ నిలబడ్డాం. మూసుకుపోయిన నా చెవికి వెనకవైపు ఏదో గరగర వినపడితే గూడ్సు బండి అనుకున్నాను.

మా ఆవిడ తడిబట్టల బకెట్టుతో పైకొచ్చింది. "ఇంకా ఏటి సూస్తన్నారు?" అంది. "ఇప్పుడే ఎల్లిపోనాది కదా, మీ ఎనకనుంచి. వొంటింట్లో గిన్నెలు అదిరినాయి."

ఏమందని నాన్న నన్ను అడిగాడు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, వెళ్లిపోయిందని అరిచాను. ఆయన కోడలివైపు తిరిగి, "సప్పుడెలాగుంది?" అన్నాడు.

ఆమె బకెట్టు కింద పెట్టి, నిజంగానే కాసేపు ఆలోచించింది. "బాగానే మోగింది మావయ్యా," అని గట్టిగా చెప్పింది.

నేను పిట్టగోడ పట్టుకుని, ఖాళీ ఆకాశాన్నే చూస్తున్నాను. నాన్న వెనకనుంచి వచ్చి, అరచెయ్యి నా వీపు మీద ఆనించి, కొంతసేపు కదలకుండా ఉంచాడు.

"ఒణుకుతాంది," అన్నాడు. "పరవానేదు."

అప్పుడిక దాచుకోకుండా ఏడ్చాను.