మీటరు గుంటలో కోటు

కొరియాలోని మా జెచోన్‌లో అసలైన చలి రాబోతోందని టీవీ చెప్పకముందే మా వాకిట్లో తెలిసిపోతుంది. మాన్‌సిక్ బాబాయ్ గేటు పక్కనున్న నీళ్ళ మీటరు గుంట మూత తీస్తాడు. ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ళ మేడమీది గదిలో అద్దెకుంటాను, అంతే.

మా వీధిలో ఏటా ఎవరిదో ఒక మీటరు గడ్డకట్టి పగులుతుంది. బాబాయ్ వాళ్ళది ఎన్నడూ పగల్లేదు. ఆయన గొప్పగా చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే. తక్కినదంతా కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ తినేసింది. ఎడమ చెవి వినికిడి తినేసింది, చూపుడువేలి కొస తినేసింది. ఇంక తినడానికేమీ లేదనుకుందో ఏమో, మొన్న ఆకులు రాలే రోజుల్లో ఆయన్ని బయటికి పంపేసింది.

ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే కంపెనీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. ఊరి లైబ్రరీలో పేపర్లు చదివే గదిలో సాయంత్రందాకా కూర్చునేవాడు. పని దొరకని రోజుల్లో నేను కూర్చునేదీ అక్కడే. మొదటిసారి ఎదురుపడ్డప్పుడు, "ఇవాళ మాకు సెలవురా," అన్నాడు. మర్నాడూ కనబడ్డాను. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చూడనట్టే పైఅంతస్తుకి వెళ్ళిపోయాను.

చలిగాలుల హెచ్చరిక వచ్చిన రోజు బాబాయ్ ఇంకా వెలుతురు ఉండగానే ఇంటికొచ్చి గుంట దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. నేను థర్మోకోల్ ముక్క కోసి ఇస్తున్నాను. పక్కింటి గోంగ్ గారి భార్య గోడమీద మోచేతులు ఆనించి చూస్తోంది.

"ఏంటన్నయ్యా, పెందలాడే వచ్చేశారు? ఫ్యాక్టరీ ఎత్తేశారా?"

"ఓవర్‌టైం లేదు," అన్నాడు బాబాయ్ తలెత్తకుండా.

"అయితే మా గుంట కూడా చూసిపెట్టండి. మా ఆయన చేతిలో పెడితే చెర్రీలు పూసేదాకా మాకు నీళ్ళుండవు."

బాబాయ్ నవ్వాడు. నిరుడు కుక్కిన గుడ్డలు బయటికి లాగాడు. అన్నీ చెమ్మగిల్లి బూజు పట్టాయి. తడి గుడ్డ పెడితే మీటరుకి మంచు కప్పినట్టే. "యుంజే వాళ్ళమ్మా! పొడి గుడ్డలేమైనా ఉంటే పట్రా," అని లోపలున్న భార్యని కేకేశాడు.

మల్‌సుక్ పిన్ని రెండు చేతుల నిండా పాత బట్టలు తెచ్చింది. కూతురు యుంజే స్కూలు ట్రాక్‌సూటు, చిరిగిన దుప్పటి. వాటికింద, ఉతికి మడతపెట్టిన కంపెనీ కోటు. దూది కుట్టిన మందపాటి చలికోటు. గుండె మీద పసుపు దారంతో ఆయన పేరు.

బాబాయ్ చేయి గాల్లోనే ఆగిపోయింది. "ఇదెందుకు తెచ్చావ్? రేపట్నించి వేసుకెళ్ళాలిగా."

"మందంగా ఉంది. దీనికే పనికొస్తుంది," అంది పిన్ని.

"అయ్యో వదినా, కంపెనీ కోటు గుంటలో కుక్కుతారా! పేరు కూడా ఉంది!" అంది గోంగ్ గారి భార్య.

పిన్ని తడుముకోలేదు. "కొత్తవి ఇస్తున్నారటమ్మా. ఇది ఎన్నాళ్ళని వేసుకుంటారు?"

"అదృష్టవంతులు. మా ఆయన ఆఫీసులో గొడుగు కూడా ఇవ్వరు," అంటూ ఆవిడ లోపలికి వెళ్ళింది.

తలుపు మూసుకున్న చప్పుడయ్యాక పిన్ని కోటు ఆయన ఒళ్ళో పెట్టింది. "మీ చొక్కాలు ఉతికేది నేనేనండీ. ఈ మధ్య నూనె వాసన రావట్లేదు," అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అది చలికి కాదు. తను ఆడిన అబద్ధం ఒకటైతే, దాన్ని కాపాడటానికి ఆవిడ ఆడింది మరొకటి. రెండోదే ఆయన్ని ఎక్కువ కోసిందనుకుంటాను. నాకు అక్కణ్ణించి లేచిపోవాలనిపించింది, కానీ థర్మోకోల్ నా చేతిలో ఉంది. ఆయన కోటు మడత విప్పి, పేరు లోపలివైపుకి వచ్చేలా తిరగేసి, చంటిపిల్లకి చుట్టినట్టు మీటరు చుట్టూ చుట్టాడు. మూత పెట్టి, దానిమీదే చాలాసేపు కూర్చున్నాడు.

ఆ రాత్రి వీధి మొత్తం బిగుసుకుపోయింది. చలికాలంలో గడ్డకట్టకుండా నా గది గొట్టం ఖాళీ చేసేస్తాం కాబట్టి, పొద్దున్న కెటిల్ పట్టుకుని కిందికి దిగాను. గడ్డకట్టకుండా రాత్రంతా కాస్త తిప్పి ఉంచిన వాళ్ళ వంటింటి కుళాయి నుంచి దారంలా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. బాబాయ్ గుమ్మంలో కూర్చుని బూటు తొడుక్కుంటున్నాడు. ఎప్పటి టైముకే. ఒంటిమీద పెళ్ళిళ్ళకి వేసుకునే నల్లకోటు.

"లైబ్రరీ ఇంకా తెరవరండీ," అంది పిన్ని, పొయ్యి వైపు తిరిగే. "ముల్లంగి ఆకుల చారు కాచాను. తిని వెళ్ళండి."

ఆయన చటుక్కున నావైపు చూశాడు. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"వాణ్ణెందుకు చూస్తారు?" అంది పిన్ని. "చొక్కా చేతులకి పేపరు సిరా అంటుకుని వస్తోంది."

ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత తొడుక్కున్న ఒక్క బూటూ విప్పి గోడవారన పెట్టాడు. వచ్చి చారు గిన్నె ముందు కూర్చున్నాడు. తల మాత్రం ఎత్తలేదు. కెటిల్ నిండటానికి చాలాసేపు పట్టింది. ధార సన్నగానే ఉన్నా, చప్పుడవుతుందని కుళాయి ఇంకాస్త తిప్పడానికి నాకు చేయి రాలేదు.