ట్యూబుల దుకాణం, ఒక ఇసుక బస్తా

ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు నాకు. గోదారి ఒడ్డున నలభై ఏండ్ల సంది ట్యూబులు అమ్మే మనిషి నోట గట్లాంటి మాట వస్తదని ఎవరనుకుంటరు? అది విన్న పొద్దు నేను నడుములోతు నీళ్ళల్ల నిలబడి ఉన్న.

ముందు దుకాణం సంగతి చెప్పాలె. భద్రాచలంల కరకట్టకు దగ్గర ఒక సందుల రేకుల కొట్టు. వాళ్ళ నాయన కాలంల వలలు అమ్మేటోళ్ళట. ఈయన చేతికొచ్చినంక మణుగూరు బొగ్గు లారీల పాత ట్యూబులు కొనుక్కొచ్చి, అతుకులేసి, గాలికొట్టి అమ్ముడు మొదలుపెట్టిండు. చేపలు పట్టేటోళ్ళు వాటిమీద కూసొనే వలలేస్తరు. వానకాలమొస్తే అడవి ఊర్లోళ్ళు వాగులు దాటుతరు. పర్ణశాల చూడొచ్చినోళ్ళు పిల్లలకని చిన్నయి అడుగుతరు. దూలానికి వేలాడే నల్లటి ట్యూబులు, వలలకు కట్టే సీసపు గుండ్లు, నైలాన్ తాళ్ళు, అతుకులేసే సొల్యూషన్ వాసన. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆయన్ని నేను బాబాయ్ అంట. ఆయన నన్ను టీచరమ్మా అంటడు. నోరు జర పెళుసు. ట్యూబు కొనాలంటే రెండు గండాలు దాటాలె. మొదటిది, ఈత వచ్చా అని అడుగుతడు. రాదంటే ట్యూబు లేదు, ఎంత పెద్దమనిషైనా సరే. రెండోది ఇసుక బస్తా. గాలికొట్టిన ట్యూబును వెనకున్న సిమెంటు తొట్టిల ఏసి, మీద చెక్క కట్టి, దానిమీద ఇసుక బస్తా పెట్టి తెల్లారేదాక వదిలేస్తడు. పొద్దున ట్యూబు మెత్తబడ్డదంటే మళ్ళ అతుకు, మళ్ళ బస్తా. ఎంత అర్జంటని మొత్తుకున్నా రేపు రమ్మంటడు. పెండ్లిచూపులల్ల పిల్లను గూడ ఇన్ని తీర్ల చూడరు గదా అని చేపలోళ్ళు నవ్వేటోళ్ళు.

పదిహేనేండ్ల కింద నాకు అడవి లోపలి ఊరికి పోస్టింగ్ పడ్డది. బడికి ఇవతల వాగు, దానిమీద వంతెన లేదు. ట్యూబు కోసం పోతే, ఈత వచ్చా అన్నడు. అవ్, వచ్చు అన్న. పచ్చి అబద్ధం. రాదంటే ఇయ్యడు, ఇయ్యకపోతే వానకాలమంతా బడి బందే. అటు ఒడ్డు నుంచి ఊరోళ్ళు తాడు గుంజుతుంటే ప్రాణం అరచేతిల పెట్టుకొని కండ్లు మూసుకునేదాన్ని. బస్తాను మోసింది నన్ను మొయ్యదా అని ధైర్యం చెప్పుకునేదాన్ని.

రేవుల ఎవరన్న జారితే జనం ముందు ఆయన కొట్టుకే ఉరికేటోళ్ళు. ఆయన ఒడ్డు మీద నిలబడి తాడు కట్టిన ట్యూబు విసిరేటోడు, మనిషిని గుంజేటోడు. ఒక్కసారి గూడ దూకలె. దూకితే ఇద్దరు పోతరు, నీళ్ళల్లకు తాడు పోవాలె గాని మనిషి పోవద్దు అనేటోడు. ఎంత తెలివైన మాట అని నేను బడిపిల్లలకు పాఠం లెక్క చెప్పిన.

నేనా మాట విన్న వానకాలం గోదారి వరదకు మూడో ప్రమాద హెచ్చరిక పెట్టిన్రు. అప్పటికి నేను టౌన్ల బడికి మారిన, బాధితులందరినీ మా బడిలనే ఉంచిన్రు. ఆయన భార్య తడిసిన చీరతోనే నా దగ్గరికొచ్చి ఏడ్చింది. మీ బాబాయ్ కొట్ల అటకెక్కి కూసున్నడు, ఎవరు పిలిచినా దిగుతలేడు, నువ్వు చెప్తే వింటడు అన్నది. ఇద్దరు చేపలోళ్ళను తోడు తీసుకొని, కరెంటు స్తంభానికి కట్టిన తాడు పట్టుకొని పోయిన. కొట్ల నీళ్ళు నడుములోతున్నయ్. ఇంకో గంటల మనిషి మునుగుతడని చేపలోళ్ళు అన్నరు.

సామాన్ల మీద పానమేమో అనుకున్న. ఈ రబ్బరు ముక్కల కోసం పిన్నిని ఏం జెయ్యాలనుకున్నవని నోటికొచ్చినట్టు తిట్టిన. ఆయన దూలాన్ని రెండు చేతుల్తో ఇంకా గట్టిగ పట్టుకున్నడు.

“టీచరమ్మా, నాకు ఈత రాదు.”

చేపలోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. మోకాలు దాటి ఏనాడూ గోదాట్ల దిగలేదట! ఊరు ఊరంతా ఆయన్ని గజ ఈతగాడనుకున్నది. అందరినీ అడిగేటోణ్ణి ఒక్కరు గూడ తిరిగి అడగలె. ఈత వచ్చినోడు తన చేతులను నమ్ముతడు, నాకు రాదు గదా, అందుకే బస్తా పెట్టి చూస్త అన్నడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేండ్లు మమ్మల్ని మోసం జేసినవా అని అడుగుదామని నోరు తెరిచిన. అప్పుడు గుర్తొచ్చింది నేనేం చెప్పి కొన్ననో.

“నాకూ రాదు బాబాయ్. ఆ పొద్దు అబద్ధం చెప్పిన.”

ఆయన మొఖం చూడాలె అప్పుడు. తన ప్రాణం సంగతే మర్చిపోయిండు. ఈత రాని మనిషిని నా ట్యూబు మీద వాగు దాటనిచ్చిన్నా అని తల పట్టుకున్నడు. చేపలోళ్ళు దూలానికున్న ట్యూబొకటి దించితే, దానికింకా బస్తా పెట్టలే, నేనెక్కను అన్నడు. హవ్వ, నెత్తి మీదికి గోదారి వస్తుంటే గూడ పరీక్షేనా! నాకు తిక్క రేగింది. కొంగు నడుముకు దోపి ఆ ట్యూబెక్కి కూసున్న. నేనే బస్తా అనుకొని చూస్కో అన్న. బరువుల నేను బస్తాకేం తక్కువ లేను లే. పైకి గట్ల అన్న గాని, లోపల భయంతో చచ్చిపోతున్న.

ఆయన అటక మీంచి వంగి ట్యూబు చుట్టూ బుడగల కోసం చూసిండు. తిప్పమన్నడు, తిప్పిన్రు. అతుకు దగ్గర మళ్ళ చూసిండు. అప్పుడు నిచ్చెన మీద ఒక్కో మెట్టే దిగిండు. నేను దిగి ఆయన్ని కూసోబెట్టిన. బడి మెట్లొచ్చేదాక కండ్లు తెరవలె, నా చెయ్యి ఇడిచిపెట్టలె.

నీళ్ళు తీసినంక బురద కడుక్కొని మళ్ళ కొట్టు తెరిచిండు. అదే తొట్టి, అదే బస్తా. మొన్న అడవి ఊరి ఆశా కార్యకర్త ఒకామె ట్యూబు కోసం వచ్చినప్పుడు నేను అక్కడ్నే ఉన్న. ఈత వచ్చా అంటడని చూసిన. అనలె.

“అవతలి ఒడ్డున తాడు ఎవలు పట్టుకుంటరు బిడ్డా?” అన్నడు.

మా అత్త పట్టుకుంటది అన్నదామె. ట్యూబు రేపిస్త గాని, వచ్చేటప్పుడు మీ అత్తను గూడ తీస్కరా, ఆమె పట్టు చూడాలె అన్నడు.