రబ్బరు బాతు కూత

నాకు ఆరేళ్ళప్పుడు, తమ్ముడి రబ్బరు బాతు అడుగున ఉండే కూత బిళ్ళను పళ్ళతో పీకి నోట్లో వేసుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను? అది అక్కడుంది, నాకు పళ్ళున్నాయి. ఇంతలో నవ్వొచ్చి గట్టిగా ఊపిరి పీల్చాను. బిళ్ళ లోపలికి పోయింది. ఉక్కిరిబిక్కిరై దగ్గాను. కాసేపటికి దగ్గు తగ్గింది.

మింగేశానని అందరూ తీర్మానించారు. హిందీ ఊళ్ళో మా తెలుగువాళ్ళుండే బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో పిల్లలు ఏం మింగినా వైద్యం ఒకటే. అరటిపండ్లు తినిపించి, పొద్దున్నే కాపు కాయడం.

"రేపొద్దున్న వచ్చేత్తాదిలే" అని పక్కింటి పెద్దమ్మ హామీ ఇచ్చింది. అమ్మ రోజూ పుల్ల పట్టుకుని కాలవ గట్టున నా వెనకాల నిలబడేది. "వచ్చిందేటే?" అని వీధి వీధంతా అడిగేది. నేను చేసిన ఏ పని మీదా జనం మళ్ళీ అంత ఆసక్తి చూపలేదు.

బిళ్ళ రాలేదు గానీ, పరిగెడితే నా ఛాతీలోంచి సన్నగా ఈల వచ్చేది. పక్కనే యార్డు, రోజంతా ఇంజన్ల కూతలు, గార్డుల ఈలలు. అందులో నా ఈల పెద్దవాళ్ళెవరి చెవికీ ఆనలేదు. పిల్లలు మాత్రం పట్టేశారు, రైలాటలో నన్ను గార్డును చేశారు. ఆడపిల్లకు అంత పదవి! ఇంట్లో ఎందుకు చెబుతాను?

తర్వాత జ్వరం పట్టుకుంది. బొగ్గు పొగ పడలేదని దగ్గు మందు తాగించారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఒక మధ్యాహ్నం వ్యాగను పట్టాలు తప్పి యార్డంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, మంచం మీద పడుకున్న నాలోంచి ఈల.

"ఈలేత్తన్నదెవులు?" అంటూ అమ్మ వచ్చి నా వీపు మీద చెవి పెట్టింది. పెట్టిన మరుక్షణం పెట్టిన కేకకు నాన్న లుంగీతోనే నన్నెత్తుకుని రిక్షా కోసం పరిగెత్తాడు.

ఆసుపత్రిలో మత్తిచ్చి, గొంతులోంచి గొట్టం దింపి బిళ్ళను తీశారు. అది ఇరుక్కున్న చోట ఊపిరితిత్తికి చీము పట్టిందట. "ఔర్ దేర్ కర్తే తో బచ్చీ నహీ బచ్‌తీ" అన్నాడు డాక్టరు. కూరల బేరానికి మించి హిందీ రాని అమ్మకు, ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్న ఆ మాట పూర్తిగా అర్థమైంది. వరండాలో కూలబడి ఏడ్చింది.

ఇంటికొచ్చాక నా ఛాతీ నోరు మూసుకుంది. గార్డు ఉద్యోగం పోయిందని నేను ఏడ్చాను. అమ్మ బాధ వేరు. మధ్యాహ్నం నేను నిద్రపోతే చాలు, వీపుకు చెవి ఆనించేది. ఈల వినబడకపోయేసరికి హడలిపోయి తట్టి లేపేది.

"ఒలే గుంటా, ఓపాలి దగ్గే."

విసుక్కుంటూ దగ్గేదాన్ని. అది విన్నాకే వంటింట్లోకి వెళ్ళేది.